మెత్తని బొమ్మ లోగుట్టు



బొమ్మల దుకాణంలోకి వెళ్ళిన ఆడవాళ్ళను ఎవరినైనా గమనించండి. ఎలుగుబంటి బొమ్మో, కుందేలు బొమ్మో చేతికి అందితే ముందు ధర చూడరు. ఒకసారి నొక్కి చూస్తారు. తర్వాత చెంపకు ఆనించుకుంటారు. "అబ్బ, ఎంత మెత్తగా వుందో!" అంటారు. ఆ మాట నోటినుంచి వచ్చాక బేరం సగం అయిపోయినట్టే. ఈ సంగతి దుకాణదారుకు మనకంటే బాగా తెలుసు.

ఇంతకీ ఆ మెత్తదనం ఎక్కడినుంచి వచ్చింది? "ఏముందండీ, మెత్తని గుడ్డతో కుట్టారు, లోపల మెత్తని దూది కూరారు" అంటారేమో. నిజానికి ఇప్పటి బొమ్మల్లో చాలావాటికి పై గుడ్డా, లోపలి దూదీ కూడా పాలిఎస్టరే. ఆ పాలిఎస్టరూ, మనం కొనే మంచినీళ్ళ సీసా ప్లాస్టిక్కూ ఒకే పదార్థం. వాడి పారేసిన సీసాలను కరిగించి దూదిలా మార్చే ఫ్యాక్టరీలు కూడా వున్నాయి. సీసాను గుండెకు హత్తుకుని నిద్రపోయే పిల్ల ఎక్కడైనా వుందా? లేదు కదా! మరి పదార్థం ఒకటే అయినప్పుడు ఒకటి గట్టిగానూ, ఇంకొకటి వెన్నముద్దలాగానూ ఎందుకున్నాయి? ఇదే ఇవాళ మనం మాట్లాడుకోబోయే విషయం. ఇది తెలిస్తే బొమ్మ కొనేటప్పుడూ, ఉతికేటప్పుడూ, ముఖ్యంగా పసిబిడ్డ పక్కన పెట్టేటప్పుడూ ఏం చూసుకోవాలో దానంతట అదే తెలుస్తుంది.

దీనికి జవాబు తిరునాళ్ళలో పీచుమిఠాయి బండి దగ్గర దొరుకుతుంది. పంచదార పలుకు పంటి కింద కటుక్కుమంటుంది. అదే పంచదారను కరిగించి, గిర్రున తిప్పి, సన్నటి పోగులుగా లాగితే నాలుకకు తగిలీ తగలకముందే కరిగిపోతుంది. చిటికెడు రంగు తప్ప పంచదారకు కొత్తగా కలిపిందేమీ లేదు. చేసినవి రెండే పనులు. సన్నగా లాగారు, పోగుకూ పోగుకూ నడుమ గాలి చేర్చారు. మెత్తని బొమ్మ రహస్యం కూడా ఈ రెండింటిలోనే వుంది. ఒకటి సన్నదనం, రెండోది గాలి.

ముందు సన్నదనం సంగతి చూద్దాం. లావుపాటి కొబ్బరి ఈనెను వంచబోతే ఎదురు తిరుగుతుంది, చేతికి గుచ్చుకుంటుంది. దాని కొస సన్నంగా వుంటుంది కనక వేలు తగిలితే చాలు ఒరిగిపోతుంది. ఇక్కడొక లెక్క వుంది. పోగు మందం సగానికి తగ్గితే దాన్ని వంచడానికి కావలసిన బలం సగం కాదు, ఏకంగా పదహారో వంతుకు తగ్గిపోతుంది. అదే బరువున్న ఒక లావు పోగును నాలుగు సన్న పోగులుగా చేశామనుకోండి. ఆ నాలుగింటి బిరుసూ కలిపినా మొదటిదాని బిరుసులో నాలుగో వంతే. చెంపకు తగిలిన ప్రతి పోగూ అడ్డుపడకుండా పక్కకు ఒరిగిపోవడాన్నే మనం మెత్తదనం అంటున్నాం అన్నమాట.

మన తలవెంట్రుక మందం మామూలుగా 50 నుంచి 100 మైక్రాన్ల దాకా వుంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. నాజూకైన బొమ్మల మీది పాలిఎస్టర్ పోగు సుమారు 10 మైక్రాన్లు. నూలు వ్యాపారులు దాన్ని ఒక డెనియర్ పోగు అంటారు. 9000 మీటర్ల పొడవున్న పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లని లెక్క. అంటే తొమ్మిది కిలోమీటర్ల పోగు బరువు ఒక్క గ్రాము! అంతకంటే సన్నం చేస్తే దాన్ని మైక్రోఫైబర్ అంటారు. చవక బొమ్మ గరగరలాడుతూ వుంటే దాని పోగు లావుగా వుందని సగం అర్థం. మిగతా సగం కూడా చెబుతాను.

ఇంత సన్నటి పోగు ఎలా తీస్తారంటారా? మన జంతికల గొట్టం పద్ధతే. పాలిఎస్టర్ పలుకులు సుమారు 260 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతాయి. ఆ పాకాన్ని కంటికి ఆనీ ఆనని చిల్లులున్న పళ్ళెంలోంచి ఒత్తుతారు. బయటికి దిగిన పోగులను చల్లార్చి, ఇంకా సాగదీసి సన్నం చేస్తారు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పాలిఎస్టర్‌ను పోగుగా తీసే మార్గం కనిపెట్టారు. మన ఇళ్ళలోకి వచ్చిన టెర్లిన్, టెరికాటన్ బట్టలు దాని సంతానమే.

పోగు తయారయ్యాక గుడ్డ కావాలి. ప్లష్ అంటే ఏమిటో కాదు, పొడుగు నూగున్న గుడ్డ. మీ ఇంట్లోనే దీని అక్కచెల్లెళ్ళున్నాయి. టర్కీ తువ్వాలు చూడండి, ఒళ్ళంతా చిన్న చిన్న ఉచ్చులుంటాయి. ఆ ఉచ్చుల కొసలు కత్తిరిస్తే నూగు నిటారుగా లేచి మఖమల్ లాంటి గుడ్డ అవుతుంది. ఆ నూగు మఖమల్ కంటే పొడుగ్గా వుంటే ప్లష్. దీన్ని నేసే పద్ధతుల్లో ఒకటి చాలా తమాషాగా వుంటుంది. ఒకదాని మీద ఒకటిగా రెండు గుడ్డలు ఒకేసారి నేస్తారు. నూగు పోగు పై గుడ్డకూ కింది గుడ్డకూ మధ్య అటూ ఇటూ తిరుగుతూ రెంటినీ కలుపుతుంది. మగ్గం మీదే ఒక కత్తి ఆ నడుమ జరుగుతూ పోగులను కోసుకుంటూ పోతుంది. రెండు గుడ్డలూ విడిపోయి, రెంటికీ చెరోవైపు నూగు మిగులుతుంది.

ఇంకొక పద్ధతి నేత కాదు, అల్లిక. గుండ్రటి అల్లిక యంత్రానికి ఒకవైపు నూలు పోగు, మరోవైపు ఏకిన దూదిలాంటి ఏకు అందిస్తారు. యంత్రం సూదులు నూలుతో కుట్లు వేస్తూ, ప్రతి కుట్టులోనూ చిటికెడు ఏకును పట్టి బిగిస్తాయి. ఆ ఏకు కొసలే బయటికి వచ్చి జంతువు బొచ్చులా నిలబడతాయి. పొడుగు బొచ్చు కుక్కపిల్లలు, సింహాల జూలు ఇలా తయారవుతాయి. వీటికి పాలిఎస్టర్‌తో పాటు అక్రిలిక్ పోగు, అంటే చలికోట్లు అల్లుకునే చవక ఊలు రకం, ఎక్కువగా వాడతారు.

మగ్గం మీదినుంచి దిగిన గుడ్డ ఇంకా మెత్తగా వుండదు సుమా! చింపిరి తలతో బడికి బయల్దేరిన పిల్లలా వుంటుంది. దానికి తల దువ్వాలి. బ్రష్షులతో నూగు లేపుతారు, కత్తులున్న రోలరు కింద నడిపి ఎగుడుదిగుడు కొసలు సమంగా కత్తిరిస్తారు, గాడులున్న వేడి రోలరు మీద నడిపి వంకర పోగులను తిన్నగా చేస్తారు. నిగనిగ అప్పుడు వస్తుంది. చివర్న కొందరు మెత్తదనం కోసం మందు కూడా పూస్తారు. ఇందాక చెబుతానన్న మిగతా సగం ఇదే. సన్న పోగు వల్ల వచ్చిన మెత్తదనం చాలాకాలం వుంటుంది. పూత వల్ల వచ్చినది నాలుగు ఉతుకులతో పోతుంది.

ఇక రెండోది గాలి. ఇది అర్థం కావాలంటే మన పరుపుల సంగతి తలచుకోవాలి. ఏళ్ళ తరబడి వాడిన దూది పరుపు గట్టిబడి రాయిలా అవుతుంది. దూది ఏకే మనిషి వీధిలోకి వస్తే పరుపు విప్పి ఇచ్చేవాళ్ళం. ఆయన వింటిలాంటి ఆ పనిముట్టు నారిని దూదిలో ఆడించి టుయ్ టుయ్ మనిపిస్తూంటే గడ్డలన్నీ విడిపోయి దూది కొండలా పొంగేది. తూకం వేస్తే అదే బరువు! కొత్తగా చేరింది గాలి ఒక్కటే. దూదిలో ఎక్కువ చోటు గాలిదే, ఆ గాలికి చోటిచ్చి మనల్ని మోసేవి పోగులు.

ఆశ్చర్యం ఏమిటంటే, మొట్టమొదటి టెడ్డీ బొమ్మలు ఏమాత్రం మెత్తగా వుండేవి కావు. జర్మనీలో గీంగెన్ అనే వూళ్ళో మార్గరెట్ స్టైఫ్ అని ఒకావిడ వుండేది. పసితనంలో పోలియో వచ్చి చక్రాల కుర్చీకే పరిమితమయినా కుట్టుపనితో నిలదొక్కుకుంది. 1880లో ఫెల్టు గుడ్డతో చిన్న ఏనుగు కుట్టింది. అది సూదులు గుచ్చుకునే మెత్త. పిల్లలు దాన్ని ఆటవస్తువు చేసుకోవడంతో ఆమె బొమ్మల వ్యాపారం మొదలయింది. ఆమె తమ్ముడి కొడుకు రిచర్డ్ 1902లో కాళ్ళూ చేతులూ కదిలే ఎలుగుబంటిని తయారుచేశాడు. అదే సంవత్సరం అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వేటలో కట్టేసిన ఎలుగును కాల్చనన్నాడు. దాని మీద పత్రికలో బొమ్మ పడేసరికి, ఆయన ముద్దు పేరే ఈ బొమ్మలకు "టెడ్డీ" అని స్థిరపడింది. ఆ రోజుల్లో స్టైఫ్ బొమ్మల పైన మోహేర్, అంటే అంగోరా మేక బొచ్చుతో నేసిన ప్లష్. లోపల మాత్రం సన్నటి చెక్క తురుము! పైన చెయ్యి పెడితే పట్టులా జారుతుంది, నొక్కితే కరకరమంటుంది.

తర్వాత తర్వాత, ముఖ్యంగా 1920ల నుంచి ఇంగ్లండు బొమ్మల్లో కపోక్ కూరడం ఎక్కువయింది. కపోక్ అంటే పరాయిదేమీ కాదు, మన తెల్ల బూరుగు దూది. మన అమ్మమ్మలు దిండ్లలో నింపుతూ వచ్చినదే! బూరుగు పోగు లోపల గొట్టంలా బోలుగా వుంటుంది. దానిలో నాలుగింట మూడు వంతులకు పైగా గాలే. పైన మైనపు పూత. అందుకే అంత తేలిక, అంత జారుడు. వడకబోతే చేతికి చిక్కదు కాని దిండులోకి దానంత హాయి ఇంకోటి లేదు. నీళ్ళలో మునగదు కనక పడవల్లో ప్రాణరక్షణ కోట్లలో కూడా వాడేవారు.

ఇప్పుడు ఫ్యాక్టరీలో చేస్తున్నది చూస్తే నవ్వొస్తుంది. పాలిఎస్టర్ పోగును బూరుగు పోగులా తయారుచేయడానికి అంత అవస్థా పడుతున్నారు. చిల్లుల పళ్ళెంలో గుండ్రటి చిల్లులకు బదులు నెలవంకల్లాంటి చీలికలు పెడతారు. వాటిలోంచి దిగిన పాకం అంచులు కలిసి లోపల బోలుగా వున్న పోగవుతుంది. మైనం బదులు సిలికోన్ అనే నునుపైన పూత పూస్తారు. దాంతో పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కట్టకుండా జారుతూ వుంటాయి. బూరుగుకు లేని సుగుణం ఒకటి అదనంగా చేరుస్తారు. పోగును స్ప్రింగులా ఉంగరాలు తిప్పుతారు. నొక్కి వదిలితే మళ్ళీ పొంగేది అందుకే. చెట్టు తనంతట తాను చేసినదాన్ని మనుషులు ఇంత ఖర్చుపెట్టి నేర్చుకున్నారు చూశారా!

ఇక కుట్టు. ఇళ్ళలో బొమ్మలు కుట్టే సోదరీమణులు ఇది గుర్తుపెట్టుకోండి. ప్లష్‌ను పైనుంచి కత్తెరతో కత్తిరించకూడదు, నూగు కూడా తెగి అంచు బోడిగా వుంటుంది. గుడ్డ తిరగేసి, వెనకవైపునుంచి బ్లేడుతో నేత మాత్రమే తెగేలా కోయాలి. అన్ని ముక్కలకూ నూగు వాలు ఒకేవైపు, తలనుంచి కాళ్ళవైపు వుండాలి. కుట్టేటప్పుడు నూగును లోపలికి దోపి, కుట్టాక ఇరుక్కున్న పోగులను సూదితో పైకి తియ్యండి, కుట్టు కనపడదు. ఫ్యాక్టరీలో దూదిని గాలితో గొట్టంలోంచి వూది నింపుతారు, చివరి కన్నం మనుషులే చేత్తో కుట్టి మూస్తారు. దూది ఎంత పెట్టాలన్నది కూడా ముఖ్యమే. ఎక్కువ కుక్కితే గాలికి చోటుండదు, మంచి దూది కూడా రాయి అవుతుంది.

ఇంత శ్రమ ఒక ఆటవస్తువు కోసమా అంటారా? 1958లో అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు హ్యారీ హార్లో తన ప్రయోగాల సంగతి లోకానికి చెప్పాడు. తల్లులనుంచి వేరుచేసిన కోతిపిల్లలకు రెండు బొమ్మ తల్లులను పెట్టాడు. ఒకటి తీగెలతో చేసినది, ఇంకొకటి మెత్తని టర్కీ గుడ్డ చుట్టినది. పాలసీసా తీగె తల్లి దగ్గరే వున్నా, పిల్లలు పాలు తాగినంతసేపే అక్కడుండి, తక్కిన కాలమంతా గుడ్డ తల్లినే కరుచుకుని వున్నాయి. భయం వేసినా దాని దగ్గరికే పరుగెత్తాయి. ఆ పిల్లలను అలా హింసించడం తప్పని తర్వాత చాలామంది అన్నారు, నిజమే. కాని కడుపు నింపడం ఒక్కటే తల్లితనం కాదని ఆ మూగజీవాలు చెప్పాయి. మన పిల్లలకు కొండపల్లి, ఏటికొప్పాక కొయ్య బొమ్మలు వుండేవి. హత్తుకోవడానికి మాత్రం అమ్మ పాత చీర కొంగే మెత్తని బొమ్మ. ఉతికి ఉతికి పోగులు వదులైన ఆ గుడ్డలో వున్నదీ ఇదే మెత్తదనం.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఏడాది నిండని బిడ్డ నిద్రపోతున్నప్పుడు ఆ పక్కన మెత్తని బొమ్మ పెట్టకండి. ఏ గుణం చూసి మనం ముచ్చటపడుతున్నామో ఆ గుణమే అక్కడ ప్రమాదం. బొమ్మ ముఖం మీదికి ఒరిగితే ముక్కు ఆకారానికి తగ్గట్టు లొంగి, ముక్కూ నోరూ కప్పేస్తుంది. పక్కకు తిరగడం, దాన్ని తోసెయ్యడం చంటిబిడ్డకు చేతకాదు. అందుకే చంటిబిడ్డ పడక చదునుగా, గట్టిగా వుండాలనీ, దానిమీద దిండ్లు, బొంతలు, మెత్తని బొమ్మలు వుండరాదనీ పిల్లల వైద్యులు చెబుతున్నారు. బారసాలకు వచ్చిన బొమ్మలు ముచ్చటగా ఉయ్యాలలో చుట్టూ పేర్చడం చూస్తూంటాం. మేలుకుని ఆడుకునేటప్పుడు మీ కళ్ళెదుట చూపించండి. కన్ను మూతపడగానే తీసి బీరువా మీద పెట్టండి. పెద్దవాళ్ళు ఎవరన్నా "బొమ్మ ఏం చేస్తుందమ్మా" అంటే ఈ కారణం వివరంగా చెప్పండి, కాదనరు.

ఇక కొనేటప్పుడు నొక్కి చూడటంతో ఆగకండి. బొమ్మ కళ్ళూ ముక్కూ పట్టుకుని గట్టిగా లాగండి. పూర్వం ఇవి బూటు గుండీలూ, తీగెకు గుచ్చిన గాజు కళ్ళూ. 1948లో వేల్స్‌లో వెండీ బోస్టన్ అనే బొమ్మల తయారీదారు, లోపలినుంచి మరలా బిగించే ప్లాస్టిక్ కన్నుకు పేటెంటు తీసుకుంది. 1954లో యంత్రంలో వేసి ఉతకగలిగిన టెడ్డీని కూడా తెచ్చింది. ఇవాళ్టి బొమ్మల్లో కన్ను వెనక బిళ్ళ బిగించడం ఆ దారిలో వచ్చినదే. మూడేళ్ళ లోపు పిల్లలకైతే దారంతో కుట్టిన కళ్ళే మేలు. నూగు కొంచెం పట్టి లాగండి, వేళ్ళకు వెంట్రుకలు వస్తే అవి రేపు బిడ్డ నోట్లోకి పోతాయి. గుడ్డను వేలి మీద వంచి చూడండి, అడుగున నేత బోడిగా కనిపిస్తే నూగు పలచన అన్నమాట. పొట్ట నొక్కితే గడ్డలు తగిలితే లోపల గుడ్డపేలికలో, స్పాంజి ముక్కలో వున్నాయన్నమాట. నొక్కి వదిలితే పొంగాలి. కుట్లు విడదీసి చూడండి. లోపల ప్లాస్టిక్ పూసలు పోసిన బొమ్మలకు ఈ పరీక్ష మరీ అవసరం. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. చేతివృత్తులవాళ్ళకు కొంత మినహాయింపు వుంది. పేవ్‌మెంటు మీద చవగ్గా వచ్చిందని కొనబోయే ముందు చీటీ మీద ఆ గుర్తు వుందో లేదో చూడండి.

చివరగా ఉతుకు. పాలిఎస్టర్ పోగు నీళ్ళు పీల్చదు, నీళ్ళు పోగుల మధ్య నిలుస్తాయి. కాబట్టి గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా సబ్బుపొడి వేసి, బొమ్మను పాత దిండు గలీబులో పెట్టి మూతికట్టి ముంచండి. నొక్కుతూ మురికి తియ్యండి, మెలిపెట్టి పిండకండి. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించి, తువ్వాలులో చుట్టి నొక్కి, గాలి తగిలే నీడలో ఆరెయ్యండి. పైన ఆరినా పొట్టలో తడి వుంటే బూజు వాసన వస్తుంది, కాబట్టి పూర్తిగా ఆరాకే పిల్లలకివ్వండి. సగం ఆరినప్పుడు మెత్తని బ్రష్షుతో నూగు దువ్వితే మళ్ళీ లేస్తుంది. మరిగే నీళ్ళూ, ఇస్త్రీ పెట్టె మాత్రం దగ్గరికి రానివ్వకండి. వేడికి నూగు అణిగి, కొసలు కరిగి అతుక్కుంటాయి. ఏకై వచ్చిన బొమ్మ మేకై కూర్చుంటుంది! ఆ తర్వాత ఎన్నిసార్లు దువ్వినా లాభం లేదు. పిల్లలకు ఆయాసం, తుమ్ములు వుంటే దుమ్ములో వుండే కంటికి కనపడని పురుగుల అనుమానం కూడా వుండాలి. బొమ్మను సంచిలో కట్టి ఒక రోజంతా ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో పెట్టి, తర్వాత ఉతికితే అవి చచ్చి కొట్టుకుపోతాయి.

ఇదండీ మెత్తని బొమ్మ లోగుట్టు. సన్నటి పోగులూ, వాటి నడుమ కాసింత గాలీ. బొమ్మను ఉతికి ఆరేసేటప్పుడు ఆ గాలిని కాపాడండి. చంటిబిడ్డ నిద్రపోయేటప్పుడు మాత్రం బొమ్మను దూరంగా వుంచి బిడ్డకు ఆడవలసిన గాలిని కాపాడండి. ఇక సెలవు.